అడగడానికి ఇంట్లో ఎవరూ లేని పిల్లలు: ఉన్నత విద్యా మండలి అధ్యక్షులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ ఉన్నత విద్యా మండలి అధ్యక్షుల వారికి,

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల డిగ్రీ పిల్లల మధ్యనే ఉద్యోగ జీవితమంతా గడిపిన అధ్యాపకుడిని. ఉత్తరం పొడుగైనా అడిగేది ఒక్కటే. ఈ మూడు జిల్లాల్లోని ప్రతి ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో, పిల్లలకు చదువు దారీ కొలువు దారీ చూపించడమే పనిగా ఉండే ఒక మనిషిని పెట్టండి. పాఠాలు చెప్పుకుంటూ, పరీక్షల డ్యూటీ చేసుకుంటూ, తీరిక దొరికితే చూసే అదనపు బాధ్యతగా మాత్రం వద్దు. కూర్చోడానికి ఒక గది, ఇంటర్ కాలేజీలకూ తండాలకూ వెళ్లి రావడానికి వీలు, చేసిన పనికి జవాబుదారీ ఉండే ఉద్యోగంగా పెట్టండి. ఇంత గట్టిగా ఎందుకు అడుగుతున్నానో కింద రాస్తున్నాను.

చేరికల లెక్కల్లో మన రాష్ట్రం తల ఎత్తుకునే స్థితిలోనే ఉంది. 2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వేలో దేశం మొత్తానికి స్థూల నమోదు నిష్పత్తి 28.4 శాతమైతే, తెలంగాణది 40. ఫీజు రీయింబర్స్‌మెంటు, గురుకులాలు, హాస్టళ్లు, బస్‌పాసులు కలిసి సాధించిన అంకె అది. దాని వెనక ఎంతమంది శ్రమ ఉందో మాకు తెలుసు. కానీ చేరడం వేరు, ఎక్కడ ఎందుకు చేరుతున్నామో తెలిసి చేరడం వేరు. ఈ రెండో దాని గురించి లెక్క తీసేవాళ్లు లేరు.

మా దగ్గరికి వచ్చే పిల్లలు ఎవరో ఒకసారి చూడండి. 2011 జనగణన నాటికి తెలంగాణ గిరిజనుల్లో చదవడం రాయడం వచ్చినవాళ్లు సగం మంది కూడా లేరు. ఇవాళ గార్ల, బయ్యారం, గూడూరు, కొత్తగూడ నుంచి మహబూబాబాద్ (మానుకోట) కాలేజీకి వస్తున్న లంబాడా, కోయ పిల్లల తల్లిదండ్రులు ఆ లెక్కలోని పెద్దలే. జనగామ వైపు వస్తే మాదిగ, మాల, గొల్లకురుమ, గౌడ, పద్మశాలి, ముదిరాజ్ ఇళ్ల పిల్లలు, పట్టణాల్లో చిన్న దుకాణాలు పెట్టుకున్న ముస్లింల పిల్లలు. భూపాలపల్లిలో బొగ్గుబాయి కార్మికుల పిల్లలు, గోదావరి వైపు అడవి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు. వీళ్లలో చాలామంది తమ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. తల్లికి, తండ్రికి బిడ్డ చదువు మీద ఉన్న ఆశ ఎవరికీ తక్కువ కాదు. అప్పు చేసి అయినా చదివిస్తారు. అయితే ఏం చదవాలని బిడ్డ అడిగితే మాత్రం వాళ్ల దగ్గర ఒకే మాట ఉంటుంది. "మాకేం ఎర్క బిడ్డా, నీకు ఎట్ల మంచిగనిపిస్తే అట్ల జెయ్యి."

ఈ మాటలో ఎంతో ప్రేమ ఉంది. దారి మాత్రం లేదు. హన్మకొండలో నాలుగు తరాలుగా చదువుకున్న ఇంట్లో పిల్లాడు ఇంటర్‌లో ఉండగానే మేనమామ ఒక సలహా ఇస్తాడు, డల్లాస్‌లో ఉన్న బావ ఇంకొకటి చెప్తాడు, పక్కింటి అంకుల్ ఫలానా పరీక్ష ఫారం వచ్చిందని ఫోన్ చేస్తాడు. ఆ ఇంటికి కెరీర్ గైడెన్స్ అవసరమే లేదు, చుట్టరికమే ఆ పని చేసిపెడుతుంది. నెల్లికుదురు దగ్గరి తండాలో పిల్లకు అంత చుట్టరికం ఉన్నా అందులో డిగ్రీ చదివినవాళ్లు లేరు. తెలివి ఇద్దరికీ సమానమే, మార్కులు కూడా ఒక్కోసారి ఈ పిల్లవే ఎక్కువ. తేడా అంతా అడగడానికి ఒక మనిషి ఉండడంలో, లేకపోవడంలో ఉంది. అందుకే ఆ మనిషిని కాలేజీయే ఇవ్వాలంటున్నాను.

మీ మండలి 2016 నుంచి డిగ్రీ ప్రవేశాలకు దోస్త్ అనే ఆన్‌లైన్ పద్ధతి నడుపుతోంది. కాలేజీ కాలేజీకీ తిరిగి దరఖాస్తులు కొనే బాధ అది తప్పించింది. రోస్టరు ప్రకారం సీటు వస్తుందన్న భరోసా ఇచ్చింది. నేను దానికి వ్యతిరేకిని కాను. కానీ ఆ వెబ్ ఆప్షన్లు ఎక్కడ, ఎవరి చేత్తో పడుతున్నాయో ఒకసారి వచ్చి చూడండి. మే నెల ఎండలో మానుకోటలో ఏ ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లినా కనిపిస్తుంది. ఒకసారి నేను చూసింది చెప్తాను. బైపీసీలో తొమ్మిది వందలు దాటిన ఒక తండా అమ్మాయి కవర్లో మెమో, కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్ పట్టుకొని వరసలో నిలబడి ఉంది. తన వంతు వచ్చింది. సెంటర్ కుర్రాడు స్క్రీన్ మీది నుంచి కళ్లు తిప్పకుండానే "ఏ గ్రూపు?" అన్నాడు. "బైపీసీ అన్నా." "బీజడ్‌సీ పెడుతున్న. కాలేజ్ ఏది పెట్టాలె?" ఆ అమ్మాయి వెనక్కి తిరిగి చూసింది. వెనక తనవాళ్లెవరూ లేరు. "ఏది మంచిదైతే అది పెట్టన్నా" అంది. ఆధార్‌కు కలిపిన ఫోన్ నంబరు తండ్రిది, ఆయన కేసముద్రం మార్కెట్లో బస్తాలు మోస్తున్నాడు. ఓటీపీ చెప్పమని ఫోన్ చేస్తే మెసేజ్ చదవడం రాక పక్క మనిషికి ఇచ్చాడు. ఆ పక్క మనిషి చదివిన అంకెలతో ఆమె మూడేళ్లు ఖాయమైపోయాయి. వెనక వరస పెరుగుతోంది, కుర్రాడికి తర్వాతి దరఖాస్తు ఉంది. అతని తప్పేం లేదు, తీసుకునే పదో పరకో ఫారం నింపినందుకే గాని సలహా చెప్పినందుకు కాదు.

అక్కడే బయట ఆ అమ్మాయితో మాట్లాడాను. అగ్రికల్చర్ బీఎస్సీ అనేది ఒకటుందనీ, అందులో రైతు పిల్లలకు ప్రత్యేకంగా సీట్లుంటాయనీ, దానికి ఎప్‌సెట్ రాయాలనీ ఆమెకు తెలియదు. ఎప్‌సెట్ అంటే ఇంజనీరింగ్ వాళ్ల పరీక్ష అనుకుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాతే చేరే అయిదేళ్ల కోర్సులుంటాయని విననే లేదు. తెలుసుకునే తెలివి లేక కాదు, చెప్పినవాళ్లు లేక. వాళ్ల కాలేజీలో జువాలజీ సారు గెస్ట్ ఫ్యాకల్టీ, పీరియడ్‌కు ఇంత అని లెక్క. పీరియడ్ అయిపోగానే ఇంకో కాలేజీకి బస్సు పట్టుకోవాలి. ఆయన్ను ఎట్లా తప్పు పట్టగలం?

ఇంకో సంగతి కూడా మీ దృష్టికి తేవాలి. ఇంటర్ ఫలితాలు రాకముందే కొన్ని ప్రైవేటు కాలేజీల పీఆర్వోలు ఊళ్ల మీద పడతారు. ఇంటికొచ్చి కూర్చుంటారు, చాయ్ తాగుతారు, బస్సు ఫ్రీ అంటారు, పుస్తకాలు ఇస్తామంటారు, ఫీజు సర్కారే కడుతుందంటారు. పిల్లల ఆధార్ నంబరు, ఓటీపీ కూడా వాళ్లే అడిగి తీసుకొని ఆప్షన్లు పెట్టేస్తారు. తల్లిదండ్రుల కళ్లకు ఆ పీఆర్వోయే చదువు గురించి ఇంటికొచ్చి మాట్లాడిన మొట్టమొదటి పెద్దమనిషి. ఆయన చెప్పిందే నమ్ముతారు. ఆ తర్వాత రీయింబర్స్‌మెంట్ బకాయిలు రాలేదని అదే కాలేజీ మెమోలు, టీసీలు ఆపితే, పీజీ కౌన్సెలింగ్ ముందు ఆ పిల్ల నా బోటి వాళ్ల దగ్గరికి ఏడ్చుకుంటూ వస్తుంది. సర్కారు తరఫున ముందే ఒక మనిషి ఆ గడపకు వెళ్లి ఉంటే, తల్లిదండ్రులు ఇద్దరి మాటా విని తేల్చుకునేవాళ్లు. ఇప్పుడు ఒక్కరి మాటే వినపడుతోంది, ఆ ఒక్కరూ సీట్లు నింపుకోవాల్సిన మనిషి.

గడువుల సంగతి మరీ బాధాకరం. కేంద్రీయ విశ్వవిద్యాలయాల డిగ్రీ సీట్లకు 2022 నుంచి సీయూఈటీ పరీక్ష పెట్టారు. దాని దరఖాస్తులు వచ్చేది సాధారణంగా ఏడాది మొదటి నెలల్లో. మా జిల్లాల్లో అది మిరప ఏరే కాలం. డోర్నకల్, మరిపెడ, కురవి వైపు ఇంటిల్లిపాదీ చేనులోనే ఉంటారు. కూలీలకిచ్చే పైసలు మిగిలితే అదే లాభం కాబట్టి పిల్లలు కూడా సెలవు దొరికిన రోజు తోటకే పోతారు. పైగా ఆ రోజుల్లోనే ఇంటర్ పరీక్షలు. ఈ రెంటి మధ్య ఢిల్లీ నుంచి వచ్చిన ఒక నోటిఫికేషన్ ఎవరి కంట పడుతుంది? హైదరాబాద్‌లో కార్పొరేట్ కాలేజీ పిల్లలకు క్లాసులోనే ఫారం నింపిస్తారు. మా ప్రభుత్వ జూనియర్ కాలేజీ పిల్లలకు దాని పేరు తెలిసే సరికి గడువు దాటి నెల అవుతుంది.

కులం సర్టిఫికెట్ల విషయంలో కూడా ఎంత నష్టం జరుగుతుందో మీకు తెలియంది కాదు. రాష్ట్రంలో బీసీ సర్టిఫికెట్ ఉన్న పిల్ల కేంద్ర సంస్థల్లో కూడా అదే చెల్లుతుందనుకుంటుంది. అక్కడ అడిగేది కేంద్రం నమూనాలోని ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్. అది కూడా ఆ ఆర్థిక సంవత్సరంలో తీసుకున్నదై ఉండాలని చాలాచోట్ల పట్టుబడతారు. పైగా మన బీసీ జాబితాలోని కొన్ని కులాలు కేంద్ర ఓబీసీ జాబితాలో లేనేలేవు. అట్లాంటి పిల్ల జనరల్ కింద దరఖాస్తు చేసుకోవాలి, లేదా అర్హత ఉంటే ఈడబ్ల్యూఎస్ చూసుకోవాలి. మంచి ర్యాంకు వచ్చి, కౌన్సెలింగ్ దాకా పోయి, కాగితం సరైనది లేక సీటు పోగొట్టుకున్న పిల్లలను చూశాను. తహసీల్దార్ ఆఫీసులో ఒక రోజు పని అది. ఏ రోజు, ఏ కాగితం అన్నది ముందుగా చెప్పేవాళ్లు లేక ఏడాది పోయింది. ఆడపిల్లకైతే ఆ ఏడాది ఖాళీగా ఇంట్లో ఉండడమంటే పెళ్లి మాటలు మొదలవడమే.

డిగ్రీ అయ్యాక ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. తెలంగాణ ఉద్యమం నీళ్లు, నిధులు, నియామకాలు అన్నప్పుడు మా పిల్లలు మూడో మాటను గుండెల్లో పెట్టుకున్నారు. జనగామ స్టేషన్లో రైలెక్కి, అశోక్‌నగర్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో నలుగురు కలిసి ఒక గది తీసుకొని, పొద్దున్నే చిక్కడపల్లి లైబ్రరీలో కుర్చీ పట్టుకుంటారు. అయ్య మిరపకాయలు ఎనుమాముల మార్కెట్లో అమ్మి పంపిన పైసలతో కోచింగ్ ఫీజు. 2022 చివర్లో గ్రూప్-4 నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఎనిమిది వేల పైచిలుకు పోస్టులకు తొమ్మిదిన్నర లక్షల దాకా దరఖాస్తులు వచ్చాయి. అంటే ఒక్క పోస్టుకు వందమందికి పైనే. మరుసటి ఏడాది మార్చిలో గ్రూప్-1 ప్రశ్నపత్రం లీకై ప్రిలిమ్స్ రద్దయినప్పుడు ఆ గదుల్లో ఉన్న పిల్లల ముఖాలు ఎట్లా ఉన్నాయో మీరూ చూసే ఉంటారు.

సర్కారు కొలువు కోరుకోవడం తప్పని నేను అనను. కులం తక్కువని హోటల్లో వేరే గ్లాసు పెట్టిన ఊరి నుంచి వచ్చిన పిల్లాడికి ఆ కొలువు జీతం ఒక్కటే కాదు, ఊళ్లో కుర్చీ మీద కూర్చోగలిగే గౌరవం. రిజర్వేషన్ అమలయ్యేది కూడా అక్కడే. ఎస్టీల వాటాను 2022లో ఆరు నుంచి పది శాతానికి పెంచారు, దాని ఫలం అందుకోవాల్సింది ఈ పిల్లలే. వాళ్లను వద్దని వెనక్కి లాగే హక్కు ఎవరికీ లేదు. నా బాధ ఏమిటంటే, ఆ వందమందిలో మిగిలిన తొంభై తొమ్మిది మందికి రెండో దారి అనేది ఎవరూ చూపలేదు. ఎన్నేళ్లు ప్రయత్నించాలి, ఏ వయసులో దేనికి మళ్లాలి, ఈ తయారీతోనే ఇంకా ఏ పరీక్షలు రాయవచ్చు, బ్యాంకు, రైల్వే, స్టాఫ్ సెలక్షన్ వాటికి సిలబస్ ఎంత కలుస్తుంది అని పక్కన కూర్చోబెట్టి లెక్క వేసి చెప్పే మనిషి ఉంటే ముప్పై ఏళ్లు దాటాక ఖాళీ చేతుల్తో ఊరికి తిరిగొచ్చే పిల్లలు తగ్గుతారు. తిరిగొచ్చిన వాళ్ల మౌనం చాలా భయంకరంగా ఉంటుందండీ. ఇంట్లో వాళ్లు ఏమీ అనరు, అదే వాళ్లను ఇంకా తినేస్తుంది.

ఇవన్నీ చూసుకోవడానికి వ్యవస్థ లేదా అంటే, కాగితం మీద ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో జవహర్ నాలెడ్జ్ సెంటర్లు పెట్టారు, రాష్ట్రం వచ్చాక అవే తెలంగాణ స్కిల్స్ అండ్ నాలెడ్జ్ సెంటర్లయ్యాయి. 2014లో నైపుణ్య శిక్షణకు టాస్క్ అనే ప్రభుత్వ సంస్థ వచ్చింది. ప్రతి కాలేజీలో కెరీర్ గైడెన్స్ సెల్ అని బోర్డు ఉంటుంది. కాలేజీల నాణ్యతను తూచే న్యాక్ వాళ్ల అయిదో ప్రమాణం విద్యార్థులకిచ్చే తోడ్పాటు గురించే కాబట్టి, అందులో కెరీర్ కౌన్సెలింగ్ ద్వారా ఎంతమంది లాభపడ్డారని అడుగుతారు. వాళ్ల పీర్ టీమ్ వచ్చే ఏడాది ఒక ఫ్లెక్సీ కొట్టిస్తాం. హైదరాబాద్ నుంచి ఎవరో ఒక వక్త వస్తాడు, రెండు గంటలు ఇంగ్లిష్‌లో మోటివేషన్ చెప్తాడు, పిల్లలు చప్పట్లు కొడతారు, ఫొటో తీస్తాం, హాజరు పట్టీ మీద సంతకాలు చేయిస్తాం. ఆ సంతకాలే లాభపడ్డవాళ్ల సంఖ్యగా నివేదికలోకి వెళ్తాయి. మర్నాడు ఒక పిల్ల వచ్చి "సార్, నేను బీఏ హిస్టరీ, నాకు ఏముంటది?" అని అడిగితే చెప్పడానికి ఆ గదిలో ఎవరూ ఉండరు. గదికి తాళం ఉంటుంది. తాళంచెవి ఉన్న లెక్చరర్ ఇన్విజిలేషన్‌లో ఉంటాడు.

ఆ పని చిత్తశుద్ధితో చేసిన సహాధ్యాపకులు నాకు తెలుసు. సొంత ఖర్చుతో పిల్లలను వరంగల్ తీసుకెళ్లి పరీక్ష రాయించినవాళ్లున్నారు. ఒకరు బదిలీ అయితే ఆ పని అక్కడితో ఆగిపోతుంది. మంచివాళ్ల మీద ఆధారపడి నడిచేది ఎన్నాళ్లు నడుస్తుంది?

దారి తెలిస్తే మా పిల్లలు ఎంత దూరం పోతారో చెప్పడానికి భూపాలపల్లి నుంచే ఒక పేరు చెప్తాను. రాసకట్ల సంధ్య. సింగరేణి కార్మికుడి కూతురు. కొత్తగూడెంలోని కాకతీయ విశ్వవిద్యాలయ మైనింగ్ కాలేజీలో బీటెక్ చదివింది. ఆడవాళ్లు భూగర్భ గనుల్లో పని చేయకూడదన్న ఆంక్షను కేంద్రం 2019లో సాంకేతిక, పర్యవేక్షణ ఉద్యోగాల వరకు సడలించింది. ఆమె రాజస్థాన్‌లోని హిందుస్థాన్ జింక్ గనుల్లో పనిచేస్తూ, భూగర్భ గనుల్లో సెకండ్ క్లాస్ మేనేజర్ సర్టిఫికెట్ సాధించిన తొలి భారతీయ మహిళల్లో ఒకరైంది. భూపాలపల్లిలో ఆ వార్త వచ్చినప్పుడు మేమంతా ఎంత పొంగిపోయామో! ఆలోచిస్తే ఇందులో ఒక విషయం కనిపిస్తుంది. బొగ్గుబాయి అంటే ఏమిటో, అందులో ఓవర్‌మన్ ఎవరో, మేనేజర్ ఎవరో, ఆ మెట్లు ఎట్లా ఎక్కుతారో కార్మికుల ఇళ్లల్లో రోజూ వినపడుతుంది. అక్కడ పుట్టిన పిల్లకు ఆ రంగం కొత్త కాదు. అదే ఊరికి ఇరవై కిలోమీటర్ల దూరంలో పత్తి చేను ఉన్న ఇంటి పిల్లకు మైనింగ్ డిప్లొమా అనేది ఉందన్న సంగతే చేరదు. బాయి కోసం భూమి పోగొట్టుకున్న ఇంటికి కూడా చాలాసార్లు చేరదు, వాళ్లకు తెలిసింది కాంట్రాక్టు లేబర్ పని ఒక్కటే.

ఇంకా వింత ఏమిటంటే, ఈ మధ్య అవకాశాలే మా ఊళ్లకు నడిచి వచ్చాయి. మహబూబాబాద్‌లో 2022లో, జనగామలో, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. పదేళ్ల కింద అడిగితే కల అనేవాళ్లం. ఆ ఆసుపత్రుల్లో డాక్టరు కాక ఇంకా ఎన్ని రకాల చదువులతో మనుషులు పనిచేస్తారో మా బైపీసీ పిల్లలకు ఒక్కసారి లోపలికి తీసుకెళ్లి చూపించామా? ల్యాబ్ టెక్నీషియన్, రేడియోగ్రాఫర్, అనస్తీషియా టెక్నీషియన్, డయాలిసిస్ టెక్నీషియన్, స్టాఫ్ నర్స్. నీట్ రాకపోతే బతుకు అయిపోయిందనుకునే పిల్ల ఉదయం బస్సులో ఆ కాలేజీ గేటు ముందు నుంచే పోతుంది. నర్సింగ్ చదివినవాళ్లను రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జర్మనీ, జపాన్‌లకు భాష నేర్పించి పంపిస్తోందన్న సంగతి ఏజెంటుకు లక్షలు కట్టడానికి సిద్ధపడ్డ తండ్రికి ఎవరు చెప్పాలి?

పక్కనే ములుగులో, మొన్న 2019 దాకా భూపాలపల్లి జిల్లాలోనే ఉన్న ములుగులో, సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది. 2014 విభజన చట్టంలో ఇచ్చిన మాట అది. పార్లమెంటు ఆమోదం 2023 డిసెంబరులో దొరికింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయం మార్గదర్శకత్వంలో, జాకారం యూత్ ట్రైనింగ్ సెంటర్‌లో తాత్కాలికంగా, బీఏ ఇంగ్లిష్, బీఏ ఎకనామిక్స్‌లతో 2024లో మొదలైంది. ఈ పిల్లల కోసమే పుట్టిన విశ్వవిద్యాలయం. అందులో చేరడం ఎట్లా అని కొత్తగూడ కోయ గూడెంలో ఇంటర్ పిల్లాడిని అడిగి చూడండి. సమ్మక్క జాతరకు పోయే దారి చెప్తాడు, ఆ క్యాంపస్‌కు పోయే దారి చెప్పలేడు.

ఇది మన ఒక్కరి సమస్య కాదు. అమెరికాలో 1960ల్లో పేదరికం మీద చేసిన చట్టాలతో పాటే, పేద ఇళ్ల పిల్లల కోసం ప్రత్యేక కార్యక్రమాలు పెట్టారు, తర్వాత తల్లిదండ్రులిద్దరికీ డిగ్రీ లేని పిల్లలనూ వాటిలో చేర్చారు. అప్‌వర్డ్ బౌండ్, టాలెంట్ సెర్చ్, స్టూడెంట్ సపోర్ట్ సర్వీసెస్ అన్న మూడూ మొదట రావడంతో వాటికి ట్రయో అన్న పేరు నిలిచింది. నల్లజాతి పిల్లలు, స్పానిష్ మాట్లాడే వలస కుటుంబాల పిల్లలు, ఆదివాసీ తెగల పిల్లలు, పేద తెల్లవాళ్ల పిల్లలు వాటి వల్ల పైకొచ్చారు. ఆ కార్యక్రమాల్లో సలహాదారులు హైస్కూల్‌లోనే పిల్లల చెయ్యి పట్టుకుంటారు, కాలేజీ అయ్యేదాకా వదలరు. ఫారాలు దగ్గరుండి నింపిస్తారు. అక్కడి డబ్బు మనకు లేదు, నిజమే. పద్ధతి తెచ్చుకోవడానికి డబ్బు అడ్డం కాదు. ఇంట్లో మొదటిసారి చదువుతున్న పిల్లలు ఎవరో గుర్తించడం అందులో మొదటి మెట్టు. మన దోస్త్ దరఖాస్తులో తల్లిదండ్రుల చదువు ఎంత అన్న ఒక్క ప్రశ్న చేర్చి, ఆ జవాబును కాలేజీకి పంపండి. ఏ పిల్లకు ముందుగా కబురు పెట్టాలో ప్రిన్సిపాల్‌కు జూన్‌లోనే తెలిసిపోతుంది.

నేను అడుగుతున్న ఆ మనిషి ఎట్లాంటివాడై ఉండాలో కూడా రాస్తాను, ఎందుకంటే తప్పు మనిషిని పెడితే లేనిదానికన్నా కీడు. మా పిల్లలను ఎక్కువగా దెబ్బ తీసింది తెలియకపోవడం ఒక్కటే కాదు, తగ్గించి చెప్పిన సలహా కూడా. "తండా పిల్లవు, నీకు సెంట్రల్ యూనివర్సిటీ ఇంగ్లిష్ ఎక్కడ వస్తది, డీఎడ్ చేసుకో" అని దయతోనే చెప్పినవాళ్లున్నారు. కులం చూసి, బట్టలు చూసి, భాష చూసి పిల్లల ఎత్తు నిర్ణయించే ఆ దయ ఎంత మందిని కూర్చోబెట్టేసిందో! అందుకే ఈ పనికి ఈ జిల్లాల నుంచే, ఈ ఇళ్ల నుంచే చదువుకొని పైకొచ్చిన యువతీ యువకులను తీసుకోండి. కాకతీయలో పీజీలు, పీహెచ్‌డీలు చేసి ఖాళీగా ఉన్న లంబాడా, కోయ, దళిత, బీసీ పిల్లలు ఎంతమంది కావాలి? వాళ్లు తండాకు పోయి లంబాడాల భాష గోర్ బోలీలో మాట్లాడితే తల్లి లోపలికి రమ్మంటుంది. ఆడపిల్లను హైదరాబాద్ హాస్టల్‌కు పంపడానికి భయపడే తండ్రికి, అదే హాస్టల్‌లో ఉండి వచ్చిన ఇంకో అమ్మాయి చెప్తే నమ్మకం కుదురుతుంది. ప్రతి కాలేజీలో కాకపోయినా సగం చోట్లన్నా ఆడవాళ్లే ఉండాలి.

వాళ్ల పని డిగ్రీ మూడో ఏడాదిలో మొదలైతే లాభం లేదు. అప్పటికి చాలా దార్లు మూసుకుపోయి ఉంటాయి. పదో తరగతి పిల్లకు బాసర ట్రిపుల్ ఐటీ గురించీ, ప్రభుత్వ బడిలో చదివినవాళ్లకు అక్కడ కలిసే అదనపు వెయిటేజీ గురించీ చెప్పాలి. ఇంటర్ మొదటి ఏడాదిలోనే సర్టిఫికెట్లు తీయించాలి. జనవరి నుంచి మే దాకా పక్క జూనియర్ కాలేజీల్లోనే కూర్చోవాలి. దోస్త్ నాడు ఇంటర్నెట్ సెంటర్‌కు పోయే అవసరం లేకుండా ప్రభుత్వ డిగ్రీ కాలేజీలోనే కంప్యూటర్ ముందు పిల్లనూ తల్లినీ కూర్చోబెట్టి, ఈ ఆప్షన్ పెడితే మూడేళ్ల తర్వాత ఇది, అది పెడితే అది అని చెప్పి పెట్టించాలి. డిగ్రీ అయిపోయి వెళ్లిన పిల్లలకు ఏడాదికోసారైనా ఫోన్ చేసి ఏం చేస్తున్నావు బిడ్డా అని అడగాలి. ఆ జవాబులు రాసి పెడితే చాలు, ఏ కోర్సు పెంచాలో ఏది తీసేయాలో మీ మండలికి వేరే సర్వే అక్కర్లేదు.

పోస్టులు మంజూరు కావాలంటే ఆర్థిక శాఖ ఒప్పుకోవాలని అంటారు. ఈ మూడు జిల్లాల్లో ప్రభుత్వ డిగ్రీ కాలేజీలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. ఐటీఐలను అధునాతన కేంద్రాలుగా మార్చడానికి, స్కిల్స్ యూనివర్సిటీ కట్టడానికి పూనుకున్న ప్రభుత్వానికి ఈ జీతాలు బరువు కాదు. ఆ కేంద్రాల తలుపు దాకా పిల్లలను తెచ్చే మనిషి లేకపోతే వాటిలోని యంత్రాలు కూడా మళ్లీ తెలిసినవాళ్ల పిల్లలకే ఉపయోగపడతాయి. గిరిజన సంక్షేమ శాఖ, ఏటూరునాగారం ఐటీడీఏ, సింగరేణి సామాజిక బాధ్యత నిధులు ఉండనే ఉన్నాయి. వాళ్లందరినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టగల హోదా మీకుంది.

భూపాలపల్లి జిల్లాకు పేరైన జయశంకర్ సారు కాకతీయ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసిన మనిషి. నియామకాల్లో జరిగిన అన్యాయాన్ని జీవితాంతం లెక్కలతో సహా చెప్పినవాడు. ఆయన పేరున్న జిల్లాను ఈ పనిలో మొదటి నుంచే కలుపుకోమని అడుగుతున్నాను.

మొదటి అడుగుగా, వచ్చే దోస్త్ నోటిఫికేషన్ కంటే ముందే, జనగామ ఏబీవీ కాలేజీలో ఒకరిని, మహబూబాబాద్ ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఒకరిని, భూపాలపల్లి ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఒకరిని నియమించండి. మూడేళ్ల గడువు ఇచ్చి చూడండి. వాళ్లకు పని నేర్పడానికి మాలాంటి రిటైర్డు అధ్యాపకులం జీతం అడగకుండా వస్తాం. మిరప కోతలకు ముందే, జనవరిలోనే, వాళ్లు తండాల్లో ఉండేట్టు చూడండి.

భవదీయుడు,
ఒక విశ్రాంత డిగ్రీ అధ్యాపకుడు, జనగామ